వేటగాండ్ర ఆయుధములు, పరికరములు

సంగారెడ్డికి సమీపముననున్న కొండాపూరునందు నిజాము ప్రభుత్వపు పురావస్తు శాఖవారు గులాం యజ్దానీగారి పర్యవేక్షణమున 1940 నుండి 1942 వరకు త్రవ్వకములు జరిపించిరి. శాతవాహనుల కాలపు నాణెములు, పూసలు, మట్టిబొమ్మలు, వానితోపాటు ఇనుప పనిముట్లును అచ్చట లభించినవి. వస్తుప్రదర్శనశాలకు పోయినవారు నాణెముల ముందు ఎంతో సేపు నిలుతురు; త్రుప్పుపట్టిన ఇనుప తునకల ముందు నిలుచువారు అరుదు. నాణెము రాజు పేరును చెప్పును. ఆ రాజు ఏలిన ప్రజ ఏమి కోసినది, ఏమి త్రవ్వినది, ఏమి వేటాడినది అను సంగతిని చెప్పవలసినది ఆ త్రుప్పుపట్టిన తునకయే.

అదే మంజీరా పరీవాహక ప్రాంతమున, ఎద్దుమైలారమువద్ద, 1984లో ఆయుధ కర్మాగారమునకు శంకుస్థాపన జరిగెను. సైనికులను మోసికొనిపోవు 'సారథ్' అను కవచశకటములు అచ్చట తయారైనవి. శాతవాహనుల నాటి ఇనుప తునకకును, నేటి కవచశకటమునకును నడుమ రెండువేల ఏండ్ల కాలము గడచినది. ఆ కాలమంతయు పల్లెలో కమ్మరి కొలిమి మండుచునేయున్నది. అడవిలో వేటగాడు విల్లు ఎక్కుపెట్టుచునేయున్నాడు. వీరిరువురకును గల సంబంధమేమి? వేటగాని చేతిలోని ఆయుధము ఎవరు చేసినది? దానికి అతడు చెల్లించిన వెల యేమి? ఈ ప్రశ్నలను వెంబడించి పోయినచో తెలుగుదేశపు అడవినుండి అమెరికా ఖండపు కొండలవరకు పోవలసివచ్చును.

మన కావ్యములలో వేటకు కొదువలేదు. భారతమున ఏకలవ్యుడు కలడు. అతని విల్లును ఎవరును లాగికొనలేదు. కుడిచేతి బొటనవ్రేలిని మాత్రము గురుదక్షిణగా గైకొనిరి. విల్లు పోయినచో వేరొక వెదురు నరికి మరల చేసికొనవచ్చును. వ్రేలు పోయినచో విద్యయే పోవును. ఆయుధముకంటె దానిని పట్టు నేర్పు గొప్పదని ఆ కథ చెప్పకయే చెప్పుచున్నది. అర్జునునితో పోరునప్పుడు శివుడు తాల్చినది కిరాతవేషమే. ధూర్జటి మహాకవి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యమున తిన్నని కథను చెప్పుచు బోయల జీవనమును కన్నులకు కట్టించెను. అల్లసాని పెద్దన మనుచరిత్రమున స్వరోచి వేటను వర్ణించెను. రాజునకు వేట వినోదము. బోయకు అది కూడు. కవులు ఈ రెంటిని వర్ణించిరి గాని, బాణపు ములికికి ఇనుము ఎచ్చటనుండి వచ్చెనో, దానికై బోయ ఏమి ఇచ్చెనో చెప్పినవారు కానరారు. కావ్యమునకు అది అక్కరలేదు. చరిత్రకు మాత్రము అదియే కావలెను.

ముందుగా మైదానపు సంగతి. జొన్నచేలుగల నల్లరేగడి పల్లెలలో మంచె, వడిసెల ఎరుగనివారు మొన్నమొన్నటివరకు లేరు. చేనినడుమ నాలుగు గుంజలపై మంచె కట్టి, దానిపై నిలిచి వడిసెల త్రిప్పి రాయి విసరినచో పిట్టలు లేచిపోవును. ఇది చంపు ఆయుధము కాదు, కాచు ఆయుధము. పిట్టలను పట్టుటకు వలలును, బంకయు కలవు. కుందేళ్లకు, కౌజులకు ఉచ్చులు కలవు. చిరుతపులికి బోను కలదు. ఏనుగును పడవేయు గోతికి ఓదమని పేరు. యానాదులు ఎలుకకలుగు నోట మట్టికుండ బోర్లించి, అందు గడ్డి రాజవేసి, కుండకు గల రంధ్రముగుండ పొగ ఊది ఎలుకలను పట్టెడివారు. కలుగులో ఎలుకలు కూడబెట్టిన ధాన్యమును త్రవ్వి తీసికొనెడివారు. కుండ, గడ్డి, నోటి ఊపిరి. ఈ మూడే వారి పరికరములు. రైతునకు చేను దక్కెను, యానాదికి కడుపు నిండెను.

అడవిలోనికి పోయినచో చెంచులు కనబడుదురు. కృష్ణకు ఇరుప్రక్కల విస్తరించిన నల్లమల వారి నివాసము. శ్రీశైల మల్లన్నను చెంచు మల్లయ్యయని వారు తమవానిగా చెప్పుకొందురు. అహోబిల నరసింహుడు తమ ఆడుబిడ్డను పెండ్లాడి తమకు అల్లుడైనాడని చెప్పుకొందురు. న్యూబోల్డు అను ఆంగ్ల సైనికోద్యోగి 1846లో చెంచులనుగూర్చి ఒక వ్యాసము ప్రకటించెను. ఈటె, గొడ్డలి, జామికీ తుపాకి, వెదురు విల్లు, ఇనుప ములికిగల రెల్లుబాణము వారి ఆయుధములని అతడు వ్రాసెను. అనగా ఆనాటికే చెంచులలో కొందరిచేత తుపాకియు ఉండెను. అయినను విల్లు పోలేదు. తుపాకికి మందుగుండు కొనవలెను. తడిసిన మందు ప్రేలదు. ఒకమారు ప్రేలినచో అడవియంతయు మేలుకొనును. విల్లునకు ఈ బాధలు లేవు.

ఆస్ట్రియా దేశస్థుడైన హైమన్‌డార్ఫు 1940లో అమ్రాబాదు పీఠభూమిపై చెంచుల నడుమ నివసించి, వారి జీవనమును పరిశీలించి, 1943లో ఒక ఉద్గ్రంథమును వెలువరించెను. అందువలన వారి పనిముట్లనుగూర్చి స్పష్టమైన చిత్రము మనకు దొరకినది. ఆ పనిముట్లను లెక్కించుటకు రెండుచేతుల వ్రేళ్లు చాలును. వెదురు విల్లు, బాణములు, గొడ్డలి, కత్తి, గడ్డలు త్రవ్వుకొను కోల, బుట్టలు, సొరకాయ బుర్రలు, నిప్పు చేసికొనుటకు చెకుముకి, దాదాపుగా ఇంతియే. వేటకుక్క వీనికి తోడు. సంసారమంతయు ఒక మనిషి భుజముపైకి, ఒక స్త్రీ నెత్తిపైకి ఎక్కును. ఒక పెంటనుండి వేరొక పెంటకు లేచిపోవునపుడు విడిచిపోవలసినదేమియు ఉండదు.

ఈ పరికరములలో మనవారు తక్కువగా గమనించునది త్రవ్వుకోల. వేటగాండ్రు అనగానే విల్లు మనస్సునకు వచ్చును. కాని చెంచు కుటుంబమును దినదినము పోషించినది ఆడువారి చేతిలోని త్రవ్వుకోలయే. చివర ఇనుప మొన తొడిగిన ఆ కర్రతో స్త్రీలు అడవిగడ్డలను త్రవ్వి తెత్తురు. వేటకు పోయినవాడు వట్టిచేతులతో తిరిగివచ్చు దినములు అనేకములు. త్రవ్వుకోల పట్టినది వట్టిచేతులతో వచ్చు దినములు స్వల్పము. కవులు విల్లునే పాడిరి. పొయ్యిమీద కుండను నిలిపినది మాత్రము కోల.

తేనె తీయుట మరియొక విద్య. ఎత్తైన కొండచరియలకు వ్రేలాడు పెరతేనె పట్టులను తీయుటకు పైనుండి త్రాడుపై దిగవలెను. పొగబెట్టి ఈగలను తోలి, పట్టును కోసి బుట్టలోనికి దింపవలెను. పైన త్రాడును కాచుటకు బావమరిదిని నిలుపుట చెంచులలో వాడుకయని చెప్పుదురు. తన తోబుట్టువు పసుపుకుంకుమలు ఆ త్రాటిపై వ్రేలాడుచున్నవి గనుక అతడు దానిని విడువడు. త్రాడు పరికరమే, కాని దానిని నమ్మదగినదిగా చేసినది చుట్టరికము. ఈ విషయము ఏ ప్రదర్శనశాలలోని అద్దాల పెట్టెలోను కనబడదు.

ఇక అసలు సంగతి. పై పరికరములలో కర్ర, వెదురు, నార, బుర్ర, ఈక అడవిలో దొరకును. చెంచు వానిని తానే చేసికొనును. బాణపు ములికి, గొడ్డలి, కత్తి, త్రవ్వుకోల మొన, చెకుముకి ఉక్కు మాత్రము అడవిలో పుట్టవు. అవి మైదానపు కమ్మరి కొలిమినుండి రావలెను. వానికి బదులుగా తేనె, మైనము, కుంకుళ్లు, కరక్కాయలు, సారపప్పు, తపసిబంక అడవి దిగిపోవలెను. కనుక అడవి మనిషి లోకముతో సంబంధము లేక బ్రదికెననుట సత్యము కాదు. ఇనుపమొన ఎంత చిన్నదైనను అది అతనిని సంతకు, సాహుకారునకు, తరాజునకు కట్టివేసినది.

ఆ ఇనుమునకు మన నేల ప్రసిద్ధమైనది. 1660 దశకమున గోలకొండ రాజ్యమున ప్రయాణము చేసిన థెవెనో అను ఫ్రెంచి యాత్రికుడు, నేటి నిజామాబాదు ప్రాంతములోని ఇందల్వాయియందు కత్తులు, బాకులు, ఈటెలు విస్తారముగా తయారై హిందూదేశమంతట అమ్ముడుపోవుచున్నవని వ్రాసెను. అదే ప్రాంతమునందలి కోనసముద్రమున మట్టి మూసలలో ఇనుమును కరిగించి మేలైన ఉక్కును చేసెడివారు. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున వాయిసీ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు దానిని స్వయముగా చూచి వర్ణించెను. ఆ ఉక్కును కొనుటకు పారశీక దేశమునుండి వర్తకులు అంత దూరము వచ్చెడివారు. ఐరోపావారు దీనిని 'ఊట్జు' అనిరి. మన 'ఉక్కు' అను మాటయే ఆ రూపము పొందెనని పండితుల అభిప్రాయము. 1819 మొదలుకొని మైకేల్ ఫారడే, స్టోడర్టు అను కత్తుల నిపుణునితో కలిసి, ఈ ఉక్కు మర్మమును తెలిసికొనుటకు లండనులో పరిశోధనలు చేసెను. మన కమ్మరి విద్య ఆంగ్ల శాస్త్రజ్ఞుని బల్లమీదికి చేరినది. కాని కొంత కాలమునకు విదేశపు యంత్రముల ఇనుము చౌకగా దిగిరాగా, ఇచ్చటి మూసలు చల్లారినవి.

సరిగా ఈ దినములలోనే భూగోళమునకు ఆవలిప్రక్క, ఉత్తర అమెరికా ఖండపు పడమటి కొండలలో, వేరొక వేటగాండ్ర వర్గము తలయెత్తెను. వారు వెదకినది బీవరు అను జంతువును. అది పళ్లతో చెట్లను కొరికి పడద్రోసి, వాగులకు అడ్డకట్టలు కట్టి నీటిలో గూడు కట్టుకొనును. దాని మెత్తని రోమముతో చేసిన టోపీలను ఐరోపా ధనికులు మోజుపడి ధరించెడివారు. ఈ వర్తకమునకై 1670లోనే హడ్సన్ బే కంపెనీ లండనులో ఏర్పడెను. 1822లో విలియం ఆష్లీ అను వర్తకుడు సెయింట్ లూయీ పట్టణపు పత్రికలో, మిస్సౌరీ నదివెంట ఎగువకు పోవుటకు నూరుగురు యువకులు కావలెనని ప్రకటన చేసెను. అట్లు బయలుదేరినవారిలో జిమ్ బ్రిడ్జరు, జెడిడయా స్మిత్తు వంటివారు ఆ దేశ చరిత్రలో పేరుగాంచిరి.

వారి పరికరములను చెంచు పరికరములతో సరిపోల్చి చూడుడు. ముఖ్యమైనది ఉక్కు ఉచ్చు. బలమైన కమానుల బలముచేత మూసికొను రెండు ఇనుప దవుడలు. నడుమ ఒక పలక. పలకపై కాలు పడినంతనే దవుడలు పట్టివేయును. ఒక్కొక్కటి సుమారు 5 పౌనుల బరువు. ఒక్కొక్కడు సాధారణముగా ఆరు ఉచ్చులను వెంట గొనిపోయెడివాడు. మోకాలిలోతు మంచునీటిలో దిగి, తన వాసన నిలువకుండునట్లు నీటివెంటనే నడచి, గట్టుదరిని నీటిక్రింద ఉచ్చును పెట్టి, గొలుసును లోతునీటిలో మేకునకు బిగించెడివాడు. బీవరు శరీరముననే పుట్టు ఒక ఘాటైన ద్రవమును పుల్లకు పూసి ఎరగా పైన నిలిపెడివాడు. వాసనకు వచ్చి చిక్కుకొన్న జంతువు గొలుసు బరువునకు నీట మునిగి చచ్చెడిది. దాని జాతి వాసనయే దానికి మృత్యువాయెను.

వాని తుపాకి మొదట చెకుముకిరాతి నిప్పురవ్వతో ప్రేలునది. పిదప టోపీ తుపాకులు వచ్చెను. సెయింట్ లూయీలోని హాకెన్ సోదరులు చేసిన బరువైన తుపాకులు మిక్కిలి ప్రసిద్ధములు. సీసపు కడ్డీ, గుండ్లు పోసికొను అచ్చు, మందు నింపిన పశువుకొమ్ము, చిన్నగొడ్డలి, తోలు తీయు కత్తి, నిప్పుకై చెకుముకి, ఈ సమస్తమును తోలుసంచిలోను మొలకును పెట్టుకొనెడివాడు. ఆ కత్తులలో అనేకములు ఇంగ్లండులోని షెఫీల్డునుండి సముద్రము దాటి వచ్చినవి. చెకుముకి ఒక్కటి ఇరువురకు సమానము. నల్లమల చెంచుయు, అమెరికా కొండల వేటగాడును చలిరాత్రి ఒకేవిధముగా రాతిపై ఉక్కును కొట్టి, ఒకే ఎఱ్ఱని రవ్వను ఊదికొని బ్రదికిరి.

1825 నుండి 1840 వరకు ఏటేట వేసవిలో కొండలనడుమ ఒకచోట పెద్ద సంత జరిగెడిది. వర్తకులు మందుగుండు, సీసము, పొగాకు, సారాయి, దుప్పట్లు తెచ్చెడివారు. వేటగాండ్రు చర్మములు తెచ్చెడివారు. సరకుల ధర పట్టణపు ధరకు అనేక రెట్లు. ఏడాదిపొడవున మంచులో ప్రాణములొడ్డి సంపాదించినది కొద్ది దినములలో హరించిపోయెడిది. పలువురు అప్పుతో మరల కొండ ఎక్కెడివారు. ఆయుధము వేటగానిది, లెక్కపుస్తకము వర్తకునిది. ఇంతలో 1830 దశకమున పట్టుటోపీల మోజు వచ్చి రోమపు టోపీల ధర పడిపోయెను. అప్పటికే వాగులలో బీవర్లు అరుదైపోయినవి. 1840లో చివరి సంత జరిగెను. పదునెనిమిది ఏండ్ల వ్యవధిలో ఒక వృత్తి పుట్టి, వెలిగి, ఆరిపోయినది. దాని వెనుకనే ఆ భూములందలి స్థానిక జాతుల కష్టములు మరింత పెరిగినవి.

ఈ రెండు చరిత్రలను ప్రక్కప్రక్కన పెట్టినచో ఒక భేదము స్పష్టమగును. విల్లు పట్టినవాడు జంతువును చూచి గాని కొట్టడు. అది తల్లియో, పిల్లయో, కొట్టదగినదో కాదో కన్ను చెప్పును. ఉచ్చునకు కన్ను లేదు. పెట్టినవాడు నిద్రించుచున్నను అది పట్టును. ఆకలి తీరినను పట్టును. చెంచు వేట అతని ఆకలి వద్ద ఆగెను. అమెరికా వేటగాని వేట దూరదేశపు టోపీల గిరాకితో పెరిగి, ఆ గిరాకితోనే పడిపోయెను. నేడు మన పల్లెలలో అడవిపందులకై చేలచుట్టు పెట్టు తీగెల ఉచ్చులలో చిరుతపులులు చిక్కి చచ్చుచున్నవి. దొంగచాటుగా తగిలించు కరెంటు తీగెలకు మనుష్యులును బలియగుచున్నారు. కన్నులేని ఆయుధము ఎన్నటికిని యజమాని మాట వినదు.

భేదమును చూచినవారు సామ్యమును మరువరాదు. చెంచునకును లెక్కపుస్తకము తప్పలేదు. ఇనుము, ఉప్పు, గింజలు, గుడ్డలు తీసికొని, తేనెయు బంకయు కొలిచి ఇచ్చునపుడు తరాజు ఎవరిచేతిలో నున్నదో వారిదే న్యాయము. చదువురాని మనిషికి అప్పు తీరినట్లు ఎవరు చెప్పుదురు? ఈ అన్యాయమును మాన్పుటకే 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడి, అటవీఫలసాయమును తానే కొనుట మొదలిడినది. అడవి చట్టములు మరొక ప్రక్కనుండి వచ్చినవి. 1882 నాటి మద్రాసు అటవీ చట్టము కర్నూలు వైపు నల్లమలను కట్టుదిట్టము చేసెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించెను. 1983లో నాగార్జునసాగర్-శ్రీశైలము అడవి పులుల రక్షణ పథకములో చేరెను. 2006 నాటి అటవీహక్కుల చట్టము గిరిజనులకు నేలపైనను, తేనె మొదలగు ఫలసాయముపైనను హక్కులను గుర్తించి, వేటహక్కును మాత్రము మినహాయించెను.

జంతువులను కాపాడుట ధర్మమే. ఐనను, అడవిని తరుగనీయక వేలయేండ్లు వేటాడినవానిని, అడవిని నరికి అమ్మినవానిని ఒకే గాటకట్టుట ధర్మమా యను ప్రశ్న మిగిలియున్నది. దానికి కొంత సమాధానము నల్లమలలోనే దొరకుచున్నది. పులుల జాడలను కనిపెట్టుటకు, దొంగవేటగాండ్ర ఉచ్చులను వెదకి తొలగించుటకు అటవీశాఖవారు నేడు చెంచు యువకులనే నియమించుకొనుచున్నారు. విల్లు వదలినను చూపు వదలలేదు. అడుగుజాడను చదువు విద్య పులిని చంపుటకంటె పులిని కాచుటకు ఎక్కువ ఉపయోగపడుచున్నది. ఏకలవ్యుని వ్రేలు ఈమారు మిగిలినది.

మన పటాన్‌చెరు, సంగారెడ్డి ప్రాంతమున యంత్రముల మ్రోత పెరిగినకొలది కొలిమి మ్రోత తగ్గినది. మంచె, వడిసెల, ఓదము, త్రవ్వుకోల, చెకుముకి అను మాటలను పిల్లలు పుస్తకములో చూచి అర్థము అడుగు దినములు వచ్చినవి. వస్తువు పోయిన కొంత కాలమునకు దాని పేరు పోవును. పేరు పోయిన పిదప దానిని పట్టిన మనిషియు మరుగున పడును. గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున చేయదగిన పని యొకటి కలదు. బీరువాలో ఒక తెల్లకాగితముల పుస్తకమునుంచి, ఊరి కమ్మరి, వడ్రంగి, మేదరి, బెస్త, గొల్ల వృద్ధులను పిలిచి, వారి పనిముట్ల పేర్లను, వానిని చేయు విధమును, వానికి పూర్వము చెల్లిన వెలను వారి మాటలలోనే వ్రాయించవలెను. కొండాపూరు ఇనుప తునక తన పేరు చెప్పలేదు. మన కాలపు తునకలకైనను పేర్లు మిగులుగాక.